ఆ గవ్వలు వరద తెచ్చినవి కావు

సంపాదకులకు నమస్కారం.

కిందటి నెల మీ పాఠకుల పేజీలో ఒక ఉత్తరం చదివాను. అమెరికా నడిమధ్యన, సముద్రం ఊసే లేని అయోవా రాష్ట్రంలో రాళ్ల నిండా గవ్వలు, పగడాలు బయటపడ్డాయని, లోకమంతా ఒకప్పుడు ఒకే మహా వరదలో మునిగిపోయిందని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదని ఆ పాఠకుడు రాశారు. ఆ పక్కనే వేసిన ఫొటో కింద మీవాళ్లు కూడా ‘వరదలో కొట్టుకొచ్చిన సముద్ర జీవులు’ అని రాశారు. ఆ చోటు కోరల్‌విల్ డ్యామ్ దిగువన ఉన్న డెవోనియన్ శిలాజాల లోయ. డెవోనియన్ అంటే కోట్ల ఏళ్ల కిందటి ఒక భూగర్భ యుగం పేరు. 2023 వేసవిలో అక్కడ రెండు పూటలు గడిపాను. మోకాళ్ల మీద కూర్చుని ఆ గవ్వల మీద వేలు పెట్టి చూసినవాణ్ని కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను. ఉత్తరం పొడవైంది. వీలు చూసుకుని వేయండి.

ఆ పాఠకుడి మీద నాకు కోపం లేదు. అక్కడికి వెళ్లకముందు నన్నడిగినా అదే మాట చెప్పేవాణ్ని. మత్స్యావతారం కథ మా నాయన నోట వింటూ పెరిగాను. ఇప్పుడు మనవరాలికి నేను చెబుతున్నాను. ఆ కథ విలువ ఆ కథకుంది. దానికి ఈ రాళ్లను సాక్ష్యం పిలవడం మాత్రం సరికాదు. ఈ రాళ్లు చెబుతున్నది పూర్తిగా వేరే సంగతి.

నాది కర్నూలు. నీటిపారుదల శాఖలో 31 ఏళ్లు పనిచేసి రిటైర్ అయ్యాను. అందులో ఎక్కువ కాలం కేసీ కాలువ మీదే గడిచింది. గట్లకు పడ్డ గండ్లు పూడ్పించడం, అలుగు పారిన చెరువుల కింద కోత ఎంత పడిందో కొలవడం, పూడిక లెక్కలు రాయడం నా ఉద్యోగం. అందుకే అయోవాలో మా అల్లుడు ‘మామయ్యా, ఇక్కడో డ్యామ్ ఉంది, దాని స్పిల్‌వే కింద ఒక వింత ఉంది, వస్తారా’ అనగానే బయల్దేరాను. శిలాజాల మీద ఆసక్తితో కాదు. స్పిల్‌వే చూద్దామని.

అయోవా నది మీద అమెరికా సైన్యానికి చెందిన ఇంజినీర్ల విభాగం కట్టిన డ్యామ్ అది. 1958లో పూర్తయింది. మట్టికట్ట. పక్కన ఎమర్జెన్సీ స్పిల్‌వే, దాని అంచు సముద్రమట్టానికి 712 అడుగుల ఎత్తున ఉంది. దానికి గేట్లు లేవు. మన చెరువు అలుగు లాంటిదే, నీళ్లు ఆ మట్టం దాటితే వాటంతట అవే దూకుతాయి. కట్టాక 35 ఏళ్ల పాటు ఒక్కసారి కూడా దూకలేదు. దాంతో స్పిల్‌వే కింద రోడ్డు వేశారు, టెంట్లు వేసుకుని ఉండడానికి మైదానం పెట్టారు, చెట్లు పెరిగాయి. 1993 జులై 5న అలుగు పారింది. 28 రోజులు పారింది. రోడ్డు పోయింది, మైదానం పోయింది, చెట్లు పోయాయి. కొన్నిచోట్ల 15 అడుగుల మందాన మట్టి కొట్టుకుపోయింది. నీళ్లు తగ్గాక చూస్తే కింద చాపలు పరిచినట్టు సున్నపురాతి పొరలు, వాటి నిండా పగడాలు, గవ్వలు. తర్వాత 2008 జూన్‌లో నీటిమట్టం 717 అడుగులకు చేరింది. ఈసారి అలుగు మీద ఐదడుగుల ఎత్తున నీళ్లు దూకి, మిగిలిన మట్టిని కూడా ఊడ్చి, లోయను ఇంకా విప్పి చూపించాయి.

పొరపాటు ఇక్కడే జరిగిందని నాకనిపిస్తోంది. వరద వాటిని చూపించింది, తేలేదు. 1993 వరద చేసిందల్లా కప్పి ఉన్న దుప్పటి లాగడమే. దుప్పటి కిందివాళ్లు దాదాపు 37 కోట్ల 50 లక్షల ఏళ్లుగా అక్కడే పడుకుని ఉన్నారు. అసలు కోరల్‌విల్ అనే ఆ ఊరి పేరులోనే పగడం ఉంది. ఇంగ్లిషులో కోరల్ అంటే పగడమే కదా. నది ఒడ్డు రాళ్లలో పగడాలు కనబడి 19వ శతాబ్దంలోనే ఊరికి ఆ పేరు పెట్టుకున్నారు. అప్పటికి డ్యామూ లేదు, ఆ వరదా లేదు.

మేం వెళ్లేసరికి ఉదయం పది దాటింది. ఎండలో ఆ రాయి బూడిద రంగులో, మన పాత ఇళ్ల గచ్చు నేలలా ఉంది. నాకేమీ కనబడలేదు. ‘ఇందులో ఏముంది చూడ్డానికి’ అని మా ఇంటావిడతో అన్నాను కూడా. అక్కడ కొంతమంది స్కూలు పిల్లల్ని తిప్పుతున్న ఒక నెరిసిన జుట్టు టీచరమ్మ మా మనవరాలి చేతిలో నీళ్ల సీసా చూసి, రాయి మీద పొయ్యమని సైగ చేసింది. పాప వంగి సీసా వంచింది. తడిసినంత మేర రాయి నల్లబడింది. ఆ నలుపులో తేనెపట్టు గళ్లు తెల్లగా లేచాయి.

నేను కళ్లద్దాలు తుడుచుకుని కింద కూర్చున్నాను. ఆరు మూలల గదులు, ఒకదానికొకటి గోడ కలిపి కట్టుకున్న ఇళ్లలా ఉన్నాయి. ఒక్కో గది నా చిటికెన వేలి గోరంత. ప్రతి గదిలో నడిమి నుంచి అంచులకు సైకిలు చక్రం ఊచల్లా సన్నటి గీతలు. ఒక్కో గదిలో ఒక్కో పగడపు పురుగు బతికింది. హెక్సాగొనేరియా అంటారట ఆ జాతిని. రాయి ఆరిపోతుంటే గళ్లు అంచుల నుంచి మాయమవుతూ వచ్చాయి. పాప మళ్లీ నీళ్లు పోసింది, మళ్లీ వచ్చాయి. ఆ తర్వాత ఆ పిల్లను ఆపడం మావల్ల కాలేదు. ‘తాతా, ఇక్కడ! తాతా, ఇక్కడ!’ అని సీసా ఖాళీ అయ్యేదాకా పోస్తూనే ఉంది. అల్లుడు రెండుసార్లు కారు దగ్గరికి వెళ్లి నీళ్లు తెచ్చాడు.

ఇంకోచోట తెగిన దండలోంచి రాలినట్టు గుండ్రటి పూసలు, నడుమ చిల్లులతో. క్రినాయిడ్ కాడల ముక్కలవి. సముద్రపు లిల్లీ అని పిలుస్తారు గానీ పువ్వు కాదు, నక్షత్ర చేపకు దగ్గరి చుట్టమైన జంతువు. సముద్రం అడుగున కాడ మీద నిలబడి, చేతులు చాచి, నీళ్లలో తేలి వచ్చే ఆహారాన్ని పట్టుకునేది. అక్కడ ఒక పలక మీద వేలెడు పొడవు కాడ, పూసలు విడిపోకుండా వరుసగా పడి ఉంది. పక్కన బ్రాకియోపాడ్లు. పైకి ఆలిచిప్పల్లాగే ఉంటాయి కానీ చూపు నిలిపితే తేడా తెలుస్తుంది. ఆలిచిప్పలో రెండు చిప్పలూ సాధారణంగా జోడు చెప్పుల్లా ఉంటాయి. బ్రాకియోపాడ్‌లో పై చిప్ప తీరు వేరు, కింది చిప్ప తీరు వేరు. కానీ ఏ చిప్పను నిలువునా మధ్యకు చీల్చినా కుడి ఎడమలు సరిసమానం. ఇది ఆ టీచరమ్మ వేలితో గీత గీసి చూపిస్తే గానీ నాకు ఎక్కలేదు.

ఇప్పుడు వరద సంగతి. వరద నీళ్లు పోయాక ఏం వదిలిపెడతాయో నేను పుస్తకంలో చదవాల్సిన పని లేదు. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగింది. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చిన వరద అది. మేం మేడ మీద రెండు రాత్రులు గడిపి, మూడో రోజు కిందికి దిగి తలుపు తోస్తే సగం దాకా వచ్చి ఆగింది. వెనక ఒండ్రు అడ్డం పడింది. లోపల బియ్యం డబ్బా దేవుడి గూటి కింద ఉంది. పక్కింటి పిల్లవాడి చెప్పు మా బీరువా మీద ఉంది. మా పెళ్లి ఫొటోల ఆల్బమ్ మోకాలి లోతు బురదలో, దాని మీద ఎవరిదో కొయ్య తలుపు, ఆ సందులో చచ్చిన చేప. ఏ ఒక్క వస్తువూ దాని చోట లేదు. వరద అంటే అది. దొరికినదల్లా ఈడ్చుకొచ్చి, కలగాపులగం చేసి, ఎక్కడ వేగం తగ్గితే అక్కడ పడేసి పోతుంది.

ఆ లోయలో అలా లేదు. పగడపు గడ్డలు చాలావరకు పెరిగిన చోటే పెరిగినట్టు కూర్చుని ఉన్నాయి. ఒక గడ్డ చచ్చాక దాని నెత్తిన ఇంకొకటి మొదలై పెరిగింది. ఒక బ్రాకియోపాడ్ చిప్ప మీద జల్లెడ గుడ్డలా సన్నటి రంధ్రాలతో ఏదో అంటుకుని ఉంది. అది బ్రయోజోవా అనే మరో ప్రాణి కట్టుకున్న గూడట. అంటే ముందు ఆ చిప్ప పెరగాలి, దాని మీద ఇంకొక ప్రాణి వచ్చి స్థిరపడాలి, అదీ పెరగాలి. దానికి టైమ్ కావాలి. ఒండ్రు లేని తేట నీళ్లు కావాలి. కాలువలో వరద నీటి రంగు చూసినవాళ్లెవరైనా ఆ నీళ్లలో పగడం పెరిగిందంటే నమ్మరు. కొన్ని గడ్డలు తలకిందులుగా పడి ఉన్న మాట నిజమే, నేనూ చూశాను. అవి తుఫాను అలలు దొర్లించినవని చెప్పారు. తుఫాను వచ్చింది, పోయింది, ఆ సముద్రంలో బతుకు మళ్లీ సాగింది.

ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వని సంగతి ఇంకొకటుంది. ఇంటికొచ్చాక మా అమ్మాయి చదివి వినిపించింది. 1963లో కార్నెల్ యూనివర్సిటీకి చెందిన జాన్ వెల్స్ అనే శాస్త్రవేత్త డెవోనియన్ కాలపు పగడాల పైపొర మీది సన్నటి గీతలు లెక్కపెట్టాడు. పగడం రోజుకొక పలచటి సున్నపు గీత వేసుకుంటూ పెరుగుతుంది. ఏడాది తిరిగేసరికి ఒక పెద్ద ముడుత పడుతుంది. ఈ కాలపు పగడంలో ఒక ఏడాది పెరుగుదలకు సుమారు 360 గీతలుంటే, డెవోనియన్ పగడాల్లో దాదాపు 400 ఉన్నాయి. అంటే అప్పటి ఏడాదికి 400 రోజులన్నమాట. చంద్రుడి వల్ల వచ్చే పోటుపాట్లు భూమి తిరుగుడుకు కొద్దికొద్దిగా బ్రేకు వేస్తున్నాయని ఖగోళ శాస్త్రవేత్తలు అంతకుముందే లెక్కగట్టి ఉన్నారు. పగడం ఆ లెక్కకు సరిపోయింది. నేను కాగితం తీసుకుని భాగించి చూశాను. ఏడాదికి 8,766 గంటలు. 400తో భాగిస్తే 22 గంటలకు కాస్త తక్కువ. పొద్దున పాప నీళ్లు పోసిన ఆ పగడం 22 గంటల రోజుల్లో బతికింది! పడుకున్నాను గానీ ఆ అంకె తలలోంచి పోలేదు.

ఆ పాఠకుణ్ని నేను వినయంగా అడగదలచుకున్నది ఇదే. రోజుకొక గీత చొప్పున ఏళ్ల తరబడి పెరిగిన ప్రాణి, దాని మీద ఇంకో ప్రాణి, దాని మీద మరొకటి, ఇవన్నీ ఒక్క వరద వచ్చి పోయే లోపల ఎలా జరుగుతాయి?

మరి అంత లోపలికి సముద్రం ఎలా వచ్చిందని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఇప్పుడు అక్కడి నుంచి మెక్సికో సింధుశాఖకు వెయ్యి కిలోమీటర్లకు పైనే ఉంటుంది. కానీ ఖండాలు ఒకచోట ఉండవు. డెవోనియన్ కాలంలో ఆ నేల భూమధ్యరేఖకు దక్షిణాన, వెచ్చటి మండలంలో ఉంది. చదునుగా, పల్లంగా ఉంది. చదును నేల అన్నది ముఖ్యం. ఆయకట్టు చదునుగా ఉన్నచోట కాలువ మట్టం అడుగు పెరిగితే ఎన్ని ఎకరాలు మునుగుతాయో మా శాఖలో పనిచేసిన ఎవరినడిగినా చెబుతారు. సముద్రమట్టం కొన్ని పదుల మీటర్లు పెరిగితే అలాంటి ఖండం నడిమి దాకా లోతు లేని సముద్రం పరుచుకుంటుంది. తగ్గితే అంత దూరమూ వెనక్కి పోతుంది.

వచ్చింది, పోయింది కూడా ఒక్కసారి కాదు. అక్కడి సున్నపురాయిని భూగర్భ శాస్త్రవేత్తలు సీడర్ వ్యాలీ గ్రూప్ అంటారు. అందులో లిటిల్ సీడర్, కోరల్‌విల్, లితోగ్రాఫ్ సిటీ, షెల్ రాక్ అని నాలుగు భాగాలు. ఒక్కో భాగం సముద్రం ఒకసారి ముందుకొచ్చి వెనక్కి తగ్గిన లెక్క. అడుగున తీరానికి దూరంగా తెరిపి సముద్రంలో బతికే ప్రాణులు, పైకి వచ్చేకొద్దీ నీళ్ల లోతు తగ్గిన గుర్తులు, ఆఖర్న తీరపు బురద. మళ్లీ దాని మీద తెరిపి సముద్రం. కోరల్‌విల్ భాగాన్నే తీసుకుంటే కిందిది పగడాలు దట్టంగా ఉన్న పొర. దాని పైపొరకు అయోవా సిటీ అని ఊరి పేరే పెట్టారు. అందులో సన్నటి రేకులుగా పేరుకున్న సున్నపు బురద, అది ఎండి నెర్రెలిచ్చిన ఆనవాళ్లు ఉంటాయి.

నెర్రె అంటే మన రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఏప్రిల్ నెలలో ఎండిన చెరువు అడుగున నడిస్తే, పలకలు పలకలుగా విడిపోయి, అంచులు వడియంలా పైకి లేచి, కాలి కింద పటపటమంటుంది. ఆ పగుళ్లలోకి మళ్లీ తొలి వానకు బురద దిగి నిండితే ఆ గీతలు అలాగే ఉండిపోతాయి. అలా ఎండకు పగలాలంటే నీళ్లు పోవాలి, బురద బయటపడాలి, రోజుల తరబడి ఎండ కాయాలి. కింద సముద్రం, నడుమ ఎండిన నేల, పైన మళ్లీ సముద్రం. ఒకే వరద అయితే నడుమ ఆ ఎండ ఎక్కడి నుంచి వచ్చింది?

దీన్ని మించిన సాక్ష్యం డ్యామ్‌కు దగ్గర్లోనే ఉన్న పాత క్వారీలో ఉంది. ఒకప్పుడు ప్రభుత్వ భవనాలకు రాయి తీశారు కాబట్టి స్టేట్ క్వారీ అని పేరు. రెండో పూట అటు వెళ్లాం. అక్కడి రాయి మిగతా పొరల్లా చదునుగా పరుచుకున్నది కాదు. కింది రాతిలో కోసిన వాగుల్లో నింపినట్టు ఉంటుంది. కాలువ కోతలు చూస్తూ బతికినవాణ్ని కాబట్టి ఆ మాట వినగానే నాకు బొమ్మ కట్టింది. ముందు సముద్రం అడుగున సున్నం పేరుకుని రాయిగా గట్టిపడింది. సముద్రం దిగిపోయి ఆ రాయి నేల అయింది. దాని మీద వాగులు పారి కోశాయి. మళ్లీ సముద్రం ఎక్కింది, వాగుల గుండా లోపలికి వచ్చి, గవ్వల తునకలతో, చేపల పళ్లతో ఎముకలతో ఆ కోతలను పూడ్చింది. ఆ పూడికే ఇప్పటి స్టేట్ క్వారీ రాయి. పూడిక లెక్కలు ఇన్నేళ్లు రాసిన నాకు ఇంత పాత పూడిక ముందు నిలబడడం గొప్ప సంగతి. చేతులు జోడించాలనిపించింది, జోడించాను.

నీళ్లు ఒక్కచోట ఎక్కితే అక్కడ నేల కుంగిందేమో అనుకోవచ్చు. రిజర్వాయర్‌లో కూడా ఒక్క గేజి చూసి మట్టం రాసేయం. ఆ పనే 1985లో జాన్సన్, క్లాపర్, శాండ్‌బర్గ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు చేశారు. ఉత్తర అమెరికాలోనూ, ఐరోపాలోనూ దూరదూరంగా ఉన్న డెవోనియన్ పొరలను పక్కపక్కన పెట్టి చూశారు. సముద్రం ఎక్కిన, దిగిన గుర్తులు ఆ చోట్లన్నిటా ఒకే కాలానికి సరిపోయాయి. కాబట్టి కదిలింది నేల మాత్రమే కాదు, సముద్రమట్టమే. వీళ్లలో గిల్బర్ట్ క్లాపర్ పనిచేసింది ఆ లోయకు పక్కనే ఉన్న అయోవా యూనివర్సిటీలో. ఏ పొర ఏ కాలానిదో పోల్చడానికి వాళ్లు వాడింది కోనోడాంట్లను. ఈల్ చేప లాంటి సన్నటి జంతువుల నోట్లోని పళ్లు అవి, ఇసుక రేణువంత ఉంటాయి. సున్నపురాయిని వెనిగర్‌లో ఉండే ఆమ్లం లాంటి దాంట్లో నానబెడితే రాయి కరిగిపోయి ఈ పళ్లు మిగులుతాయి. వాటి ఆకారం కాలంతో పాటు త్వరత్వరగా మారుతూ వచ్చింది కాబట్టి కవరు మీద పోస్టాఫీసు తేదీ ముద్రలా పనికొస్తాయి.

సముద్రమట్టం ఎందుకు ఎక్కి దిగుతుందో కూడా ఒక మాట. ధ్రువాల దగ్గర మంచు పేరుకుంటే సముద్రం తగ్గుతుంది, కరిగితే పెరుగుతుంది. సముద్రం అడుగున కొత్త నేల పుట్టే పర్వత శ్రేణులు ఉబ్బితే గిన్నెలో రాయి వేసినట్టు నీళ్లు పైకొస్తాయి. డెవోనియన్ కాలం చాలావరకు వెచ్చటి కాలం. అందుకని ఆ హెచ్చుతగ్గుల్లో దేని వాటా ఎంత అని శాస్త్రవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. కారణం మీద వాదన ఉంది. సముద్రం పదే పదే వచ్చి వెళ్లిందనే దాని మీద లేదు.

కర్నూలు తిరిగొచ్చిన మర్నాడు నేను చేసిన మొదటి పని మా వరండాలోని బేతంచెర్ల బండల మీద చెంబెడు నీళ్లు పోయడం. మా ఇంటావిడ ‘జెట్‌లాగ్ తగ్గలేదా’ అని అడిగింది. వంగి చూశాను. రంగు తేలింది, పొరల చారలు తేలాయి. గవ్వ ఒక్కటీ లేదు. తర్వాత తెలుసుకున్నాను. మన కర్నూలు, కడప సున్నపురాళ్లు కూడా సముద్రం అడుగున పేరుకున్నవే, బెలూం గుహలు తొలిచిన రాయి కూడా అదే. కానీ ఆ సముద్రాలు డెవోనియన్ కన్నా ఎంతో ముందువి. గవ్వ కట్టుకునే ప్రాణులు ఇంకా పుట్టని కాలం. వేంపల్లె దగ్గరి ఇంకా పాత రాళ్లలో ఆనాటి సూక్ష్మజీవులు పొర మీద పొరగా కట్టిన గుబ్బలు ఉన్నాయి, స్ట్రొమాటొలైట్లు అంటారు. వాటి వయసు 180 కోట్ల ఏళ్లకు పైమాటే. డెవోనియన్ సముద్రపు రాళ్లు మాత్రం మన తెలుగు నేల మీద లేవు. మన దేశంలో చూడాలంటే హిమాలయాల్లో స్పితి వైపు వెళ్లాలి. ఒకే ఒక్క వరద లోకమంతా ముంచి గవ్వలు పంచి ఉంటే, మా వరండాలోనూ ఒకటి దొరికి ఉండాలి కదా. ఎక్కడ ఏ కాలంలో సముద్రం ఉందో అక్కడ ఆ కాలపు ప్రాణులే ఉన్నాయి.

మీకు నా మనవి ఒక్కటే. ఆ ఫొటో కింది వాక్యాన్ని సరిదిద్దండి. మీ పత్రిక స్కూళ్లకు వెళుతుంది. నేను ఏడో తరగతి పిల్లవాడిగా ఉన్నప్పుడు పేపర్లో అచ్చయిన మాటను అయ్యవారు బోర్డు మీద రాసేవారు, మేం నోట్సులో ఎక్కించుకునేవాళ్లం. ఇప్పటికీ అలా రాసుకునే పిల్లలున్నారు. ‘సముద్రం అడుగున పెరిగి, అక్కడే రాయిగా మారిన పగడాలు, 1993 వరదకు బయటపడ్డాయి’ అని వేస్తే చాలు. అంతే పొడవు, అదే చోటు సరిపోతుంది.

ఆ లోయలో రాయి ఏరుకోవడం నిషేధం, చిన్న పూస కూడా తీయకూడదు. పాప ఒకటి గుప్పిట్లో పెట్టుకుంటే మా అమ్మాయి విప్పించి ఎక్కడిది అక్కడ పెట్టించింది. కాబట్టి మా దగ్గర ఉన్నవి ఫొటోలే. మూడింటిని ఈ ఉత్తరంతో పంపుతున్నాను. మొదటిది తడిపిన పగడం, రెండోది పూసలు విడిపోని క్రినాయిడ్ కాడ, మూడోది ఒకదాని మీద ఒకటి పెరిగిన పగడపు గడ్డలు. కొలత తెలియడానికి ప్రతి ఫొటోలోనూ పక్కన నా జేబులోని రూపాయి బిళ్ల పెట్టాను. వేసుకునేట్టయితే ఆ బిళ్లను కత్తిరించకుండా వేయండి. పగడం గది ఎంత ఉంటుందో పిల్లలు తమ దగ్గరి రూపాయితో పోల్చి చూసుకుంటారు.

ఇట్లు,
నీటిపారుదల శాఖ విశ్రాంత ఉద్యోగి,
కర్నూలు